రంగునీళ్లు, సూక్ష్మజీవులు: నీలిబాన నుంచి తాపీ తీరం దాకా

సూరత్ నగరానికి తూర్పు వైపున, తాపీ నది ఒడ్డున వరాఛా అనే పేట ఉన్నది. మన పురాణాలలో సూర్యపుత్రికగా, తపతిగా ప్రసిద్ధికెక్కిన నదినే గుజరాతీలు తాపీ అని పిలుస్తారు. వరాఛాను ఆనుకొని అశ్వినీకుమార్ ఘట్టం ఉన్నది. దేవవైద్యులైన అశ్వినీదేవతల పేరు ధరించిన ఆ ఘట్టం నగరంలోని పేరుపొందిన శ్మశానవాటికలలో ఒకటి. దానికి చేరువలోనే 19వ శతాబ్ది చివర నగర పురపాలక సంఘం తన తొలి జలాగారాన్ని నెలకొల్పి, నది నుంచి తోడిన మంచినీటిని ఊరికి పంపడం ప్రారంభించింది. వైద్యుల పేరు, దహనవాటిక, తాగునీరు, ఈ మూడూ ఒకే ఒడ్డున కలవడం కాకతాళీయమే కావచ్చు. ఈ వ్యాసంలో చెప్పబోయే విషయానికి మాత్రం ఆ ఒడ్డు తగిన ఆరంభస్థానం.

20వ శతాబ్ది ఉత్తరార్ధంలో సౌరాష్ట్ర నుంచి వచ్చి స్థిరపడినవారు వరాఛాను వజ్రాల సానపట్టే కార్ఖానాలతోనూ, మరమగ్గాల కొట్లతోనూ నింపారు. మరమగ్గం మీద నుంచి దిగేది రంగులేని కోరా బట్ట. అది నగరానికి దక్షిణాన ఉన్న పాండేసరా, సచిన్ పారిశ్రామిక వాడలకో, తూర్పున కడోదరా, పల్సానా వైపు ఉన్న మిల్లులకో వెళ్లి, రంగు వేసుకొని, అచ్చులు పొడిపించుకొని, తిరిగి రింగ్ రోడ్డు మీది బజారుకు చేరుతుంది. అక్కడి నుంచి దేశంలోని ప్రతి సంతకూ చేరుతుంది. తెలుగు పల్లెలో పండగనాడు కట్టే పాలియెస్టర్ చీరలలో సూరత్ నుంచి వచ్చినవే ఎక్కువ. బట్ట నడిచిన ఈ దారి అందరికీ తెలిసినదే. దానికి రంగు వేసిన నీరు ఏ దారిన పోయిందని అడిగేవారు తక్కువ. ఆ నీటికి సూరత్‌లో ఖాడీలనే వాగులున్నాయి. నగరపు మురుగునూ, దానితోబాటు పలుమార్లు మిల్లుల రంగునీటినీ మోసిన ఈ వాగులలో ఒకదాని పేరు మీఠీ ఖాడీ. మీఠీ అంటే తీపి. వానాకాలంలో అది పొంగినప్పుడు ముందుగా మునిగే పేటలలో లింబాయత్ ఒకటి.

లింబాయత్ పేరు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల పద్మశాలి కుటుంబాలకు కొత్త కాదు. చేమగ్గం కూడు పెట్టని రోజులలో ఆ కుటుంబాలు మొదట షోలాపూర్‌కు, బొంబాయికి, ఆపైన భివండీకి, సూరత్‌కు తరలిపోయాయి. సిరిసిల్లలో సాంచా అని పిలుచుకొనే మరమగ్గాన్నే అక్కడా నడిపారు. ఆడవారు ఇంటివద్దనే చీరల దారాలు కత్తిరించి, మడతలు పెట్టి నాలుగు డబ్బులు సంపాదించారు. ఈ వలస ఎంత వేళ్లూనినదంటే, సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒరియా భాషలతోబాటు తెలుగులోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతూ వచ్చింది. కాబట్టి సూరత్ రంగునీటి కథను గుజరాత్ విషయమని తెలుగు పాఠకుడు పక్కకు తోసివేయడానికి వీలులేదు. ఆ బట్ట నేసినది మనవాడే, కట్టినది మన ఆడపడుచే, ఆ వాగు ఒడ్డున పిల్లలను పెంచుకొన్నదీ మన కుటుంబమే.

అద్దకపు మిల్లుల రంగునీటిని బాక్టీరియాతో శుభ్రపరచవచ్చునన్న మాట ఇప్పుడు తరచుగా వినబడుతున్నది. ప్రయోగశాలలో ఎర్రని నీటిలో సూక్ష్మజీవులను వదిలితే ఒకటి రెండు రోజులలో నీరు తేటపడుతుంది. చూడడానికి ఇది ఇంద్రజాలమే. పత్రికలు దీనిని రంగును తినే సూక్ష్మజీవి అని వర్ణిస్తాయి. ఆ వర్ణనలో సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే రంగుకూ, సూక్ష్మజీవికీ మధ్య ఉన్న పాత చుట్టరికాన్ని మొదటి నుంచి చూడాలి. అది నూట యాభై సంవత్సరాల రసాయన పరిశ్రమ కన్నా ఎంతో వెనకటిది. మన నీలిబానలోనే అది మొదలైంది.

నీలిమందు నీటిలో కరగదు. కరగని రంగు నూలులోనికి దిగదు. మన అద్దకపువారు ఈ చిక్కును విప్పిన తీరు అద్భుతం. భూమిలో పాతిన పెద్ద బానలో నీలిమందు, సున్నం, చవుటి మన్ను, ఉడికించిన తగిరిస గింజలు కలిపి కొన్ని రోజులు పులియబెట్టేవారు. పులిసిన బానలో నీలం మాయమై, పసుపు పచ్చ కలిసిన ద్రవం మిగిలేది. నూలు చిలపను అందులో ముంచి పైకి తీస్తే మొదట పచ్చగా ఉండి, గాలి తగిలిన కొద్దీ చూస్తూండగానే నీలంగా మారేది. రసాయనశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే, గాలి చొరని బానలో బాక్టీరియా నీలిని క్షయకరణం చెందించి కరిగేలా చేస్తుంది. బయటి గాలిలోని ఆక్సిజన్ దానిని మళ్లీ ఆక్సీకరించి నూలు లోపలే నిలబెడుతుంది. సున్నం బానను క్షారగుణంలో ఉంచుతుంది, గింజలు సూక్ష్మజీవులకు ఆహారం. అద్దకపువాడికి బాక్టీరియా అన్న మాట తెలియదు. బాన బతికున్నదా, చచ్చిందా అన్నది మాత్రం వాసన చూసి, నాలుకకు రాసుకొని, నురగ రంగు చూసి చెప్పగలిగేవాడు. ఐరోపాలోనూ ఇదే పద్ధతి వోడ్ అనే మొక్కతో సాగింది. ఇంగ్లండులోని రీడింగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మధ్యయుగపు పద్ధతిలో వోడ్ బానను తిరిగి పులియబెట్టి, అందులో నీలిని కరిగించే బాక్టీరియాను వేరుచేసి, 1999లో దానికి క్లాస్ట్రిడియం ఇసాటిడిస్ అని పేరు పెట్టారు. వందల సంవత్సరాలు పనిచేసిన కూలివాడికి నామకరణం అంత ఆలస్యంగా జరిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. తెలుగులో నీలివార్త అంటే అబద్ధపు వదంతి. ఈ మాట పుట్టుకకు ఒక కథ చెబుతారు. నీలిబాన చెడిపోయి రంగు తేరకపోతే, అద్దకపువాడు ఊరిలో ఏదో ఒక వింత అబద్ధాన్ని పుట్టించేవాడట. అది పాకిన కొద్దీ బాన బాగుపడుతుందని నమ్మకం. హిందీ ప్రాంతాలలోనూ ఇటువంటి నమ్మకమే ఉన్నది. దీనిని మూఢవిశ్వాసమని కొట్టివేయడం తేలిక. కాని ప్రాణమున్న వస్తువుతో పనిచేసేవారి నిస్సహాయత ఇందులో దాగి ఉన్నది. నిన్న పనిచేసిన బాన ఇవాళ ఎందుకు పనిచేయలేదో ఎవరూ చెప్పలేరు. చలి ఎక్కువైనదో, సున్నం పెరిగినదో, గాలి చొరబడినదో! ఈనాడు బాక్టీరియాతో మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రపు నిర్వాహకుడికి ఈ బాధ బాగా తెలుసు. అతడు అబద్ధాలు పుట్టించడు గాని, నివేదికలు రాయవలసి ఉంటుంది.

నీలిబాన మనకు చెప్పే అసలు సంగతి వేరు. అందులో నీలం కనబడకుండా పోయినంత మాత్రాన నీలి నశించలేదు. అది రూపం మార్చుకొని అక్కడే ఉన్నది. గాలి తగలగానే తిరిగివస్తుంది. ఈ సంగతిని మనసులో పెట్టుకొని ముందుకు సాగుదాం.

17వ శతాబ్ది ఆరంభంలో ఐరోపా వర్తకులను మన తీరాలకు రప్పించినవాటిలో రంగుబట్టలు ముఖ్యమైనవి. 1606లో డచ్చివారు మచిలీపట్నంలోనూ, పెదపల్లి అనబడిన నిజాంపట్నంలోనూ వర్తకస్థానాలు ఏర్పరచుకొన్నారు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నం చేరారు. 1613లో జహంగీరు ఫర్మానాతో సూరత్‌లో స్థిరపడ్డారు. ఒకటి తూర్పు రేవు, మరొకటి పడమటి రేవు. కృష్ణ ముఖద్వారపు ప్రాంతంలో దొరికే చిరివేరు ఎరుపునకు సాటిలేదని ప్రతీతి. నత్తగుల్లల సున్నం కలిసిన ఇసుక నేలలో ఆ వేరు బలంగా ఊరేదని అంటారు. కలంకారీ పనివారు కరక్కాయ, పటిక, చిరివేరు వాడి బట్టను పలుమార్లు ఉడికించి, పారే నీటిలో ఉతికేవారు. నాటి అద్దకం నీటిని మురికి చేయలేదని చెప్పలేము. రంగు, పేడ, పటిక అన్నీ ఏటిలోనే కలిసేవి. అయితే అవన్నీ మొక్కల నుంచి, నేల నుంచి వచ్చినవి. నేలలోని సూక్ష్మజీవులకు లక్షల సంవత్సరాలుగా పరిచయమున్న పదార్థాలు.

ఆ పరిచయం 1856లో తెగిపోయింది. లండనులో పద్దెనిమిదేళ్ల విలియం హెన్రీ పెర్కిన్ క్వినైన్ తయారుచేయబోయి, బొగ్గుతారు నుంచి వచ్చే అనిలిన్‌తో ఊదారంగు చేశాడు. రెండేళ్లకు, 1858లో, పీటర్ గ్రీస్ కనుగొన్న డయాజో చర్యతో వేలకొద్దీ కొత్త రంగులకు తలుపు తెరుచుకొన్నది. 1869 నాటికి చిరివేరుకూ, మంజిష్ఠకూ ఎరుపునిచ్చే అలిజరిన్ కార్ఖానాలలో తయారైంది. 1897లో జర్మనీ కంపెనీ బి.ఎ.ఎస్.ఎఫ్. కృత్రిమ నీలిని బజారుకు తెచ్చింది. ఇరవయ్యేళ్లలో భారతదేశపు నీలి ఎగుమతి నామమాత్రమైంది. గాంధీజీ చంపారన్‌కు వెళ్లిన 1917 నాటికి నీలి తోటల యుగం ముగింపునకు వచ్చింది. రైతు మీద తోటలవారి జులుం మాత్రం ముగియలేదు.

గ్రీస్ చూపిన దారిలో వచ్చినవే అజో రంగులు. రెండు నత్రజని పరమాణువులు జంటబంధంతో చేతులు కలుపుకొని, ఇరువైపులా బెంజీను వంటి వలయాలను పట్టుకొని ఉండడం వీటి లక్షణం. రంగునిచ్చేది ఆ బంధమే. ప్రపంచంలో తయారయ్యే రంగులలో సగానికి పైగా ఈ జాతివే. చాకిరేవులో పోకూడదు, ఎండకు వెలిసిపోకూడదు, చెమటకు చెదరకూడదు అని కొనేవారు కోరారు. రసాయనవేత్తలు ఆ కోరిక తీర్చారు. బట్ట మీద పోని రంగు నీటిలోనూ పోదు, ఇది ఆ వరానికి అంటుకొని ఉన్న శాపం. 1956లో ఐ.సి.ఐ. కంపెనీ నూలుతో రసాయనబంధం ఏర్పరచుకొనే రియాక్టివ్ రంగులను విడుదల చేసింది. నూలుబట్టకు ఇవి వరప్రసాదం. కాని అద్దకంలో ఈ రంగులో నూటికి పది పాళ్ల నుంచి, కొన్నిటిలో యాభై పాళ్ల వరకు, బట్టకు అంటకుండా నీటితో వెళ్లిపోతుంది.

రంగుకూ, రోగానికీ సంబంధమున్నదని మొదట గుర్తించినది కార్ఖానా గోడల లోపలే. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్ శస్త్రవైద్యుడు లుడ్విగ్ రెన్, ఫుక్సిన్ రంగు తయారుచేసే కార్మికులలో మూత్రాశయపు కంతులను చూసి వైద్యసభకు నివేదించాడు. దోషం రంగులో కన్నా దాని ముడిసరకులైన అరోమాటిక్ అమీన్లలో ఉన్నదని తరవాత తేలింది. బెంజిడిన్ వాటిలో అపఖ్యాతి పొందినది.

సూక్ష్మజీవికీ అజో బంధానికీ గల వైరం బయటపడినది మాత్రం మరొక దారిన, మందుల శాలలో. బేయర్ సంస్థలో 1932లో తయారైన ప్రోంటోసిల్ అనే ఎర్రని అజో రంగు ఎలుకలలో స్ట్రెప్టోకోకస్ జ్వరాన్ని నయం చేస్తున్నదని గెర్హార్డ్ డొమాక్ గమనించి, 1935లో ప్రకటించాడు. విచిత్రమేమంటే గాజుగొట్టంలోని బాక్టీరియాను అది ఏమీ చేయలేకపోయింది. అదే సంవత్సరం పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ట్రెఫుయెల్ దంపతులు, నిట్టి, బొవే కలిసి ఈ చిక్కుముడి విప్పారు. శరీరంలో ప్రవేశించిన తరవాత ఆ రంగు అజో బంధం దగ్గర రెండుగా తెగుతున్నది. అందులో ఒక ముక్క, రంగులేని సల్ఫానిలమైడ్, అదే అసలు మందు. ఆ కోత పని చేసేవాటిలో మన పేగులలోని బాక్టీరియాకు పెద్ద వాటా ఉన్నదని తరవాతి పరిశోధనలు తేల్చాయి. గాలి చొరని పేగు కూడా ఒక నీలిబాన వంటిదే. ఒక రంగు తెగితే మందు వచ్చింది. మరొక రంగు తెగితే బెంజిడిన్ రావచ్చు. జపానులో క్యోటో పట్టు చిత్రకారులు కుంచె మొనను నాలుకతో సన్నం చేసే అలవాటుకూ, వారిలో కనిపించిన మూత్రాశయ క్యాన్సరుకూ సంబంధముండవచ్చునని 1970ల ఆరంభంలో అక్కడి వైద్యులు అనుమానించడానికి కారణం ఇదే.

మురుగునీటి శుద్ధిలో సూక్ష్మజీవులను కూలికి పెట్టుకోవడం 1914లో మాంచెస్టరులో ఆర్డర్న్, లాకెట్ అనే ఇద్దరు రసాయనవేత్తల ప్రయోగాలతో ఒక రూపు దిద్దుకొన్నది. మురుగులోనికి గాలి ఊది, అడుగున తేరుకొన్న బురదను పారవేయక మళ్లీ మళ్లీ వాడితే, అందులో పెరిగిన బాక్టీరియా మురికిని వేగంగా తినివేస్తుందని వారు చూపారు. ప్రపంచ నగరాల మురుగు శుద్ధికి ఈనాటికీ అదే ఆధారం. బట్టల మిల్లుల నగరమైన మాంచెస్టరులోనే ఈ పద్ధతి పుట్టడం చెప్పుకోదగినది. అయితే అజో రంగు దగ్గర ఈ పద్ధతి బోల్తాపడింది. గాలి పుష్కలంగా ఉన్నచోట బాక్టీరియా తన శ్వాసక్రియలో విడుదలయ్యే ఎలక్ట్రానులను ఆక్సిజన్‌కు అప్పగిస్తుంది. అజో బంధం వంక చూడదు. గాలి లేనిచోట గత్యంతరం లేక ఆ ఎలక్ట్రానులను అజో బంధానికి ఇస్తుంది, బంధం విడిపోతుంది, రంగు పోతుంది. కాబట్టి గాలి ఊదే తొట్టెలో నుంచి రంగునీరు వచ్చిన దారినే, కొంత బురదకు అంటుకోగా, రంగుతోనే బయటపడేది.

గాలి ఉన్నచోటనే అజో బంధాన్ని తెంచగల బాక్టీరియా అసలే లేదా? స్విట్జర్లాండులో జిమ్మర్‌మన్, కుల్లా, లైసింగర్ అనే పరిశోధకులు ఆరెంజ్-2 అనే రంగు మీద సూడోమొనాస్‌ను ఓపికగా అలవాటు చేసి, ఆ బంధాన్ని తెంచే ఎంజైమును శుద్ధిచేసి 1982లో వివరించారు. ఆ ఎంజైము తనకు పరిచయమైన రంగునూ, దాని దగ్గరి చుట్టాలనూ తప్ప మరొకదానిని ముట్టదు. మిల్లులో పొద్దున ఒక రంగు, సాయంకాలం మరొకటి. అటువంటి చాదస్తపు పనివాడితో మిల్లు సాగదు. 1991లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ పరిశోధకులు మరొక మార్గం చూపారు. ఒకే బాక్టీరియాకు బదులు ఒక గుంపును తీసుకొని, మొదట గాలిలేని దశలో ఒక అజో రంగును రెండుగా తెంచి, ఆ వెంటనే గాలి ఇచ్చి, వచ్చిన అమీన్ ముక్కలను పూర్తిగా తినిపించారు. మొదటి దశలో రంగు పోతుంది. రెండవ దశలోనే విషం పోతుంది. నా దృష్టిలో ఈ కథకు కీలకం ఈ వాక్యమే. మొదటి దశతో ఆగిపోతే కంటికి కనబడే శత్రువును కనబడనివాడిగా మార్చినట్లే. తేటపడిన ఆ నీటిని ఆరుబయట ఉంచితే కొన్ని అమీన్లు గాలి తగిలి మళ్లీ గోధుమవర్ణానికి తిరగడం కూడా ఉన్నది. నీలిబాన గుర్తుకు రాకమానదు.

మన దేశంలో ఈ పరిశోధన గుజరాత్, మహారాష్ట్రలలో బాగా పెరగడం సహజం. రంగులు తయారయ్యేవీ, వాడబడేవీ ఎక్కువగా అక్కడనే. వల్లభ్ విద్యానగర్‌లోని సర్దార్ పటేల్ విశ్వవిద్యాలయంలో దత్తా మదంవార్ బృందం, కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్.పి. గోవింద్వార్ బృందం ఏళ్ల తరబడి ఈ పనిలో కృషి చేశాయి. పద్ధతి వినడానికి సులభం. రంగునీరు చాలాకాలంగా పారిన కాలువ ఒడ్డున గుప్పెడు బురద తీసుకొంటారు. అందులో రంగు విషానికి తట్టుకొని బతికిన జీవులుంటాయి. వాటికి రంగు కలిపిన ఆహారం ఇచ్చి, మోతాదు పెంచుతూ, నిలిచినవాటిని ఏరుకొంటారు. సూడోమొనాస్, బాసిల్లస్, ఎంటెరోకోకస్, షెవానెల్లా వంటి జాతులు ఈ ఎంపికలో తరచుగా తేలుతాయి. విషం పారిన చోటనే విరుగుడు దొరకడం ఊరడించే సంగతే. కాని ఆ విరుగుడు పుట్టడానికి ఆ కాలువ ఎన్నేళ్లు ఎర్రగా పారిందో కూడా తలచుకోవాలి.

సూరత్ విషయానికి వచ్చేసరికి చిక్కు మరింత పెరుగుతుంది. ఒకప్పుడు పట్టుకూ, జరీకీ పేరు మోసిన నగరం, 20వ శతాబ్దిలో కృత్రిమ పట్టుకు, ఆపైన నైలాన్‌కు, పాలియెస్టర్‌కు మళ్లింది. పాలియెస్టర్ నీటిని పీల్చదు. దానికి నీటిలో కరగని డిస్పర్స్ రంగులు కావాలి. మూసిన జెట్ యంత్రాలలో 130 డిగ్రీల వేడిలో ఆ రంగును నూలులోనికి దించుతారు. వీటిలోనూ అజో జాతివే అధికం. రంగు నష్టం రియాక్టివ్ రంగులతో పోలిస్తే తక్కువ, సామాన్యంగా నూటికి పది పాళ్లకు మించదు. అంతటితో ఊరట చెందనక్కరలేదు. బట్టకు మెత్తదనం రావడానికి కాస్టిక్ సోడాతో నూలు పైపొరను కరిగించివేస్తారు, అది నీటిలో చేరుతుంది. పైన అంటిన రంగును వదిలించడానికి హైడ్రో అనే హైడ్రోసల్ఫైట్ వేస్తారు, అదీ నీటిలోనే. ఇవికాక రంగును తేలేటట్టు చేసే పదార్థాలు, సబ్బులు, అచ్చు జిగురులు. వేడిగా, క్షారంగా, ఉప్పగా వచ్చే ఈ నీరు బాక్టీరియాకు అత్తవారిల్లు కాదు. చల్లార్చి, ఆమ్లం కలిపి, మిగతా ఆహారం చూపితే గాని అది పని మొదలుపెట్టదు. పైగా కరగని రంగును బాక్టీరియా తినడానికి ముందే బురద పట్టేస్తుంది. నీరు తేటగా బయటికి వెళ్తుంది, రంగు బురదలో ఉండిపోతుంది. ఆ బురదను ఎక్కడ పారబోయాలన్నది 1989 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల తరవాత గాని మన దేశంలో చట్టం దృష్టికి రాలేదు.

జలకాలుష్య నివారణ చట్టం 1974లోనూ, పర్యావరణ పరిరక్షణ చట్టం 1986లోనూ వచ్చాయి. అయినా అజో రంగుల విషయంలో మనల్ని గట్టిగా కదిలించినది జర్మనీ. కొన్ని హానికరమైన అమీన్లను విడుదల చేసే అజో రంగులతో అద్దిన బట్టను ఆ దేశం 1994లో నిషేధించింది. ఎగుమతులు ఆగిపోతాయన్న భయం మన రేవులను కుదిపింది. 1997 నాటికి భారత ప్రభుత్వం బెంజిడిన్ జాతితో కలిపి 112 రంగుల వాడకాన్ని నిషేధించింది. ఇది మేలైన పనే, సందేహం లేదు. కాని ఆ చట్టం పుట్టుకను గమనించండి. బట్ట కట్టే వినియోగదారుని చర్మం మీద అజో బంధం తెగి అమీను వస్తుందేమోనన్న ఆందోళన నుంచి అది పుట్టింది. బంధం తెగేది చర్మం మీదనే కాదు. నల్లబడిన వాగు అడుగున, గాలి చొరని బురదలో ఆ పని అనుదినమూ, ఎవరి అనుమతీ లేకుండా జరుగుతూనే ఉంటుంది. అక్కడ సూక్ష్మజీవి మొదటి దశను తనంత తానే పూర్తిచేస్తుంది. రెండవ దశకు కావలసిన గాలి ఆ వాగులో ఉండదు. ఒడ్డున కాపురమున్న మరమగ్గపు కార్మికునికి జర్మనీ కొనుగోలుదారుకు ఉన్నంత పలుకుబడి ఎప్పుడూ లేదు.

1994 సెప్టెంబరులో సూరత్ మరొక బాక్టీరియా మూలంగా ప్రపంచానికి తెలిసింది. ప్లేగు వదంతులతో, భయంతో లక్షలాది ప్రజలు రైళ్లెక్కి పారిపోయారు. వారిలో వలస కార్మికులు అసంఖ్యాకం. ఆ తరవాత 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు, తెలుగువాడే, రెండేళ్లలో చెత్తనూ, మురుగునూ ఒక క్రమానికి తెచ్చి, మురికికి పేరుపడిన ఊరిని శుభ్రతకు ఉదాహరణగా నిలిపాడు. అదే సంవత్సరం నది మీద సింగణ్‌పోర్ వద్ద ఆనకట్టతో కూడిన కాజ్‌వే పూర్తయి, సముద్రపు ఉప్పునీరు ఎగువకు రాకుండా అడ్డుపడింది. వరాఛా వైపు మంచినీటి నిలువ ఏర్పడింది. 2014లో నగరపాలక సంస్థ మురుగునీటిని బామరోలీ వద్ద మూడవ దశ దాకా శుద్ధిచేసి, రోజుకు 4 కోట్ల లీటర్ల మేర పాండేసరా మిల్లులకు అమ్మే ఏర్పాటు చేసింది. తాపీ నీటిని మిల్లులకు ఇవ్వనక్కరలేదు, మురుగు సముద్రంలో కలవనక్కరలేదు. ఇక్కడ ఒక వింత చక్రం కనబడుతుంది. నగరపు మురుగును బాక్టీరియా శుభ్రపరచి మిల్లుకు ఇస్తుంది, మిల్లు దానిలో రంగు కలిపి మళ్లీ బాక్టీరియా ముందుకే తోస్తుంది.

ఈ ఏర్పాట్లన్నీ ఉండగానే 2022 జనవరి 6వ తేదీ తెల్లవారుజామున సచిన్ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకరు దొంగచాటుగా రసాయన వ్యర్థాన్ని కాలువలోనికి వదులుతుండగా విషవాయువు లేచి, పక్కనున్న అద్దకపు మిల్లు కార్మికులు ఆరుగురు మరణించారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. శుద్ధి ఖర్చును తప్పించుకొనే మనిషి ఉన్నంతకాలం ఎంతటి సమర్థమైన సూక్ష్మజీవి అయినా తొట్టెలోనే ఎదురుచూస్తూ ఉండవలసిందే. ఆ కాలువ దాకా రాని వ్యర్థాన్ని అది తినలేదు.

నీటి రంగును చూసి తీర్పు చెప్పే అలవాటు అధికారులకూ ఉన్నది, ప్రజలకూ ఉన్నది. అమీన్లను కొలిచే యంత్రాలు ఖరీదైనవి, ప్రతి కాలువ దగ్గర ఉండవు. అందుకే కావచ్చు, కొల్హాపూర్ వంటి ప్రయోగశాలలలో బాక్టీరియా పనితనాన్ని తేల్చడానికి రంగు కొలతతోబాటు మన రైతుకు తెలిసిన ఒక పరీక్ష కూడా పెడతారు. జొన్నలూ, మినుములూ తీసుకొని మూడు పళ్లెరాలలో పరుస్తారు. ఒకదానికి మంచినీరు, ఒకదానికి రంగునీరు, ఒకదానికి బాక్టీరియా శుద్ధిచేసిన తేటనీరు పోస్తూ ఉంటారు. కొన్ని రోజుల తరవాత ఎన్ని గింజలు మొలిచాయో లెక్కపెట్టి, ఒక్కొక్క మొలక వేరును బల్ల మీద చాపి, కొలబద్దతో పొడవు చూసి రాసుకొంటారు.